తాళం వేసిన బాత్రూము

మూడో నంబరు బెడ్డు కాగితంలో ‘నడిపించినది’ అనే గడిలో హేమలత టిక్కు పెడుతున్నప్పుడు, ఆ బెడ్డు మీది గంగాధరప్ప వెల్లకిలా పడుకుని పైకప్పు పలకలు చూస్తున్నాడు. గుండెకు బైపాస్ ఆపరేషన్ అయి మూడు రోజులైంది. ఈ మూడు రోజుల్లో ఆయన పాదాలు నేలకు తగల్లేదు. కాగితం ప్రకారం మాత్రం నిన్న ఐదడుగులు వేశాడు, ఇవాళ పది.

దీన్ని మోసమని హేమలత ఎప్పుడూ అనుకోలేదు. మోసం చెయ్యాలన్నా కాస్త తీరిక ఉండాలి. గుండె రోగుల ఇంటెన్సివ్ కేర్, అంటే సీసీయూలో ఎనిమిది బెడ్లు, పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా ఇద్దరు నర్సులు. గంటకోసారి బీపీ, పల్సు చూసి రాయాలి. మందుల పంపులో సిరంజి అయిపోయేలోపు ఇంకోటి నింపి పెట్టుకోవాలి. రక్తం తియ్యాలి, ల్యాబుకు పంపాలి, రిపోర్టు రాకపోతే ఫోన్లు చెయ్యాలి. థియేటర్ నుంచి కొత్త కేసు వస్తోందంటే బెడ్డు ఖాళీ చేసి పెట్టాలి. ఇన్నిటి మధ్య ఒక మనిషిని లేపి నాలుగడుగులు వేయించాలంటే ఇద్దరు పట్టుకోవాలి, పావుగంట పోవాలి. మెడలో మందులెక్కించే లైను, పక్కటెముకల కింద ఒక గొట్టం, ముక్కులో ఆక్సిజన్, ఛాతీ మీద ఐదు తీగలు. ఒకటి లాగితే ఇంకొకటి మొత్తుకుంటుంది. ఆ పావుగంటా మిగతా ఏడుగురి భారం దేవుడి మీద వెయ్యాలి. అసలే అక్కడ అందరిదీ దినగండం నూరేళ్ళాయుష్షు.

అందుకని టిక్కు. హేమలత ఒక్కతే కాదు, అన్ని షిఫ్టుల వాళ్ళూ పెడతారు. గడి ఖాళీగా ఉంటే ఎందుకు ఖాళీగా ఉందని అడుగుతారు. నిండి ఉంటే ఎవరూ ఏమీ అడగరు.

అడిగేది ఒక్క ఆశ్రిత. ఆ పిల్ల ఫిజియోథెరపిస్టు, ఆస్పత్రి మొత్తానికి ఒక్కతే. గుంతకల్లు నుంచి పొద్దున రైలుకు వస్తుంది, పది గంటలకు సీసీయూలో ఉంటుంది, పదీ పదికి ఉండదు. ఆ పది నిమిషాల్లో ఎనిమిది బెడ్ల దగ్గరా నిలబడి, దగ్గించి, చేతులెత్తించి, వీళ్ళను కూర్చోబెట్టండి, నడిపించండి, పడుకోబెడితే ఊపిరితిత్తులు అడుగున మూసుకుపోతాయి, కాళ్ళలో కండ కరిగిపోతుంది అని చెప్పి వెళ్ళిపోతుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని హేమలత మనసులో అనుకుంటుంది. ఇవాళ మాత్రం పైకే అడిగింది.

“కింద పడితే ఎవురు సమాధానం చెప్తారు పాపా?”

“లేవకుండా జొరమొస్తే మాత్రం ఎవురు చెప్తారు సిస్టర్?” అని ఆశ్రిత బ్యాగు భుజానికి తగిలించుకుంది.

జ్వరమొస్తే దానికి మందుంది, జవాబు చెప్పడానికి డాక్టరున్నాడు. మనిషి పడితే మాత్రం పట్టుకున్నవాళ్ళదే తప్పు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు, కానీ ఆస్పత్రిలో పనిచేసే ప్రతివాళ్ళకూ తెలుసు. హేమలతకు ఇంకాస్త ఎక్కువ తెలుసు.

పదకొండుకు గంగాధరప్ప భార్య లక్ష్మీనరసమ్మను పది నిమిషాలు లోపలికి వదిలారు. ధర్మవరంలో వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. ఆమె స్టీలు డబ్బాలో రాగి అంబలి తెచ్చింది, ఉప్పు వెయ్యలేదని డాక్టరు మీద ఒట్టేసినట్టు చెప్పింది. గంగాధరప్ప రెండు చెంచాలు తాగి మూతి తిప్పుకున్నాడు. రెండు చెంచాలంటే కచ్చితంగా రెండే. ఆమె మూడో చెంచాను తిరిగి డబ్బాలో ఒంపి మూత పెట్టింది. వెళ్ళేముందు హేమలత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

“ఆ పాప నడిపిస్తామంటాండాది. వద్దు సిస్టర్. మగ్గం మింద పోగు తెగితే ఆయనే అతుకు పెట్టుకుంటాడు. గుండెకు కుట్టిన దారం తెగితే ఎవురు అతుకు పెడతారు? మీకు దండం పెడతా, లేపొద్దండి.”

అట్లేమీ తెగదని చెప్పాలి. ఛాతీ ఎముకను స్టీలు తీగతో కట్టారని, అది తెగేది కాదని చెప్పాలి. హేమలత చెప్పలేదు. లేపంలేమ్మా, నువ్వు భయపడాకు అంది. ఇంటివాళ్ళ భయం నర్సులకు సెలవు చీటీ లాంటిది, అడక్కుండానే వచ్చినప్పుడు కాదనడం ఎందుకు.

ఆయన తినకపోవడానికి తలా ఒక కారణం చెప్పారు. మత్తుమందు ఇంకా దిగలేదని ఇంకో నర్సు సుజాత. ఉప్పు లేని కూడు ఎవరికి దిగుతుందని వార్డు అటెండర్ మద్దిలేటి. ఆయనకు దిగులు పట్టిందని భార్య. హేమలత అయితే, అరవై ఏళ్ళు దాటిన మగవాళ్ళకు ఆస్పత్రి మంచమెక్కగానే తిక్క లేస్తుందని, అది మామూలేనని తేల్చేసింది. తేల్చేసి ఐదో బెడ్డుకు ఇంజెక్షన్ చెయ్యడానికి పోయింది.

మరుసటి రోజు హేమలత డ్యూటీకి వచ్చేసరికి గంగాధరప్పకు నూటొక్క డిగ్రీ జ్వరం ఉంది. ఊపిరి పైపైన తీస్తున్నాడు. పొద్దున తీసిన ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లగా కమ్ముకుని ఉంది.

తొమ్మిదికి సర్జన్ రౌండుకు వచ్చాడు. ఆయన మంచివాడు, కోపం తక్కువ, మాట తక్కువ. ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. రిపోర్టులు చూశాడు. ఒంట్లో నీళ్ళు లేక, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతోంది. చివరికి ఆ కాగితం తీసి వేలితో ఒక్కొక్క గడీ తడుముతూ పోయి, ‘నడిపించినది’ దగ్గర ఆగాడు.

“రోజూ నడుస్తూనే ఉన్నాడే. నడుస్తున్న మనిషికి ఇలా కాకూడదే.”

ఆ మాట ఎవరినీ అడిగినట్టు లేదు, తనలో తను అనుకున్నట్టు ఉంది. అనుకుని, ఇది ఇన్ఫెక్షనే అయ్యుంటుందని పెద్ద యాంటీబయాటిక్ రాశాడు. ముక్కూ నోరూ మూసే ఆక్సిజన్ మాస్కు పెట్టమన్నాడు. రేపు మధ్యాహ్నం దాకా చూద్దాం, అప్పటికీ తినకపోతే ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి ఫీడ్ ఇద్దాం, ఊపిరి ఇంకా తగ్గితే మళ్ళీ వెంటిలేటర్ మీదికి పోవలసి వస్తుంది అన్నాడు. ఒకసారి దిగిన మనిషి మళ్ళీ వెంటిలేటర్ ఎక్కితే ఏమవుతుందో అక్కడున్న వాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. హేమలత ఆయన చెప్పినవన్నీ రాసుకుంది. సార్, ఆయన నడవలేదు అనే మాట నాలుక చివర ఉంది. అక్కడే ఉండిపోయింది. సర్జన్ నాలుగో బెడ్డు దగ్గరికి వెళ్ళాడు.

ఆ పూటంతా ఆమెకు ఏ పని చేస్తున్నా చెయ్యి చెయ్యిలా లేదు. తను పెట్టిన నీలి గీత ఒకటి డాక్టరు కళ్ళకు గంతలు కట్టింది. జ్వరానికి కారణం ఇది కాదు అని ఆయనకు కాగితం మీద హామీ ఇచ్చింది తనే. పన్నెండు గంటలప్పుడు మాస్కు తీసి, తల కింద చెయ్యి పెట్టి, గంగాధరప్పకు నీళ్ళ గ్లాసు అందించింది. ఆయన గ్లాసు అంచు పెదాలకు ఆనించుకున్నాడు, పెదాలు తడిశాయి, గొంతు కదల్లేదు. గ్లాసు తిరిగి ఇచ్చేశాడు. ఎవరైనా చూస్తే తాగాడనే అనుకుంటారు.

హేమలత అనుకోలేదు. అలా తాగినట్టు తాగడం ఆమెకు బాగా తెలిసిన పని.

నర్సుల బాత్రూము రెండంతస్తుల కింద, క్యాంటీన్ వెనక ఉంది. పోయి రావాలంటే పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ ఎనిమిది బెడ్లు ఒక్క మనిషి మీద పడతాయి. అందుకని డ్యూటీ ఉన్నంతసేపూ ఆమె నీళ్ళు తాగదు. నోరెండితే పెదాలు తడుపుకుంటుంది. పోయిన ఎండాకాలం కిడ్నీలో రాయి వచ్చి రెండు రోజులు మెలికలు తిరిగింది. రోజుకు మూడు లీటర్లు తాగాలమ్మా అని ఈ ఆస్పత్రి డాక్టరే చెప్పాడు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు.

మాస్కు మళ్ళీ పెట్టకుండా చేతిలోనే పట్టుకుని, మంచం మీదికి వంగింది.

“పెద్దాయనా, నిజం చెప్పు. కావాలనే తాగడంల్యా నువ్వు?”

గంగాధరప్ప తల ఇటు తిప్పకుండానే మాట్లాడాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు.

“ఆపరేషనైన మర్నాడు ఆయమ్మ నడుం కింద ఆ గిన్నె పెట్టి పరదా లాగిపోయిందమ్మా. పరదా కింద నుంచి అందరి కాళ్ళూ కనపడతాండాయి. పక్క బెడ్డు వాళ్ళ కోడలో ఏమో, చెప్పులేసుకోని ఈడనే నిలబడుకోనుండాది. నేను దేవుడా దేవుడా అనుకుంటా పని కానిచ్చినా. ఆయమ్మ వచ్చి నన్ను పసిపిల్లోన్ని తిప్పినట్ల తిప్పి తుడిచింది. ఆ పొద్దే అనుకున్నా. తింటేనే గదా, తాగితేనే గదా ఈ బాధ.”

“సచ్చిపోతావు అట్ల చేస్తే.”

“నువ్వు సచ్చిపోలేదు గదమ్మా.” ఇప్పుడు తల తిప్పి ఆమె మొహంలోకి చూశాడు. “ఆ బాటిలు పొద్దున నిండుగా తెస్తావు, మళ్ళ రెండింటికి అంతే నిండుగా ఎత్తకపోతావు. పండుకోనుండేటోనికి ఏం పని? చూస్తాండా.”

టేబుల్ మీద ఆమె బాటిల్ మూత సీలు కూడా సడలకుండా ఉంది. హేమలతకు ఒళ్ళంతా వేడెక్కింది. ఇరవై ఏళ్ళుగా రోగులను తనే చూస్తున్నాననుకుంది, వాళ్ళు తనను చూస్తారన్నది ఎప్పుడూ తట్టలేదు.

ఆయన గోడ మూల వైపు గడ్డంతో చూపించాడు. “ఆ తలుపు మింద మనిషి బొమ్మ ఉండాది గదా, అది బాత్రూమే గదా?”

“బాత్రూమే.”

“దాంట్లో ఏముండాది?”

“సెలైన్ అట్టపెట్టెలు.”

ఆయన వేళాకోళానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. “అట్టపెట్టెలకు బాత్రూమెందుకమ్మా?”

ఆ మధ్యాహ్నం డ్యూటీ అయిపోగానే హేమలత ఇంటికి పోకుండా నర్సింగ్ ఇన్‌ఛార్జి భారతి గదికి వెళ్ళి ఆ బాత్రూము తాళంచెవి అడిగింది. భారతి మేడమ్ కుర్చీలో వెనక్కి వాలి మోకాలికి తైలం రాసుకుంటోంది. ఇరవై ఆరేళ్ళు వార్డుల్లో నిలబడి పనిచేసిన మోకాళ్ళు అవి. చెడ్డ మనిషి కాదు, నర్సుల వైపు నిలబడే మనిషి. అందుకే ఆమెతో వాదించడం కష్టం.

స్టోరులో చోటు లేదంది. వచ్చే వారం తనిఖీకి మనుషులు వస్తున్నారు, పెట్టెలు వరండాలో కనిపిస్తే తన ఉద్యోగం మీదికి వస్తుందంది. సీసీయూ పేషెంటుకు బాత్రూమెందుకు హేమా, లేచి బాత్రూముకు పోగలిగితే వాడు వార్డులోనే ఉంటాడు గదా అంది. కావాలంటే ఆయమ్మ బదులు మద్దిలేటి చేత గిన్నె పెట్టించు, ఇంకో పరదా అడ్డం కట్టించు అని దారి కూడా చెప్పింది.

“మేడమ్, ఆయన ఒక్క అడుగు నడవలేదు. నేను ఉత్తదే టిక్కు పెట్టినా. డాక్టరు దాన్ని నమ్మి మందు రాసినాడు.”

“తెలుసు. అందరూ పెడతాండారు. నేను డ్యూటీ చేసే దినాల్లో నేనూ పెట్టినా.” భారతి తైలం సీసా మూత బిగించింది. “బసప్ప సంగతి మరిచిపోతివా?”

మరిచిపోయేదేనా. రాయదుర్గం నుంచి వచ్చిన బసప్ప, రెండేళ్ళ కింద. ఆశ్రిత లాంటి పిల్లే ఒకతె నడిపించమంటే హేమలత ఒక్కతే పట్టుకుని నడిపించింది. నాలుగో అడుగులో ఆయనకు చెమటలు పట్టాయి, ఐదో అడుగులో చేతుల్లోంచి జారిపోయాడు. కనుబొమ మీద ఆరు కుట్లు. ఆయన కొడుకులు సీసీయూ అద్దం పగలగొట్టారు. హేమలతకు మెమో ఇచ్చారు, పనిలోంచి తీసేస్తామన్నారు. ఆ రోజు యాజమాన్యం ముందు నిలబడి ఆమె ఉద్యోగం కాపాడింది ఈ భారతి మేడమే. ఆ తర్వాత హేమలత ఎవరినీ లేపలేదు.

“ఈ మాట ఈడనే వదిలెయ్,” అంది భారతి. “డాక్టరుకు చెప్పాకు. ఇంటికి పోయి పండుకో, మొగం చూడు ఎట్లుండాదో.”

హేమలత ఇంటికి పోయింది గానీ పడుకోలేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. బసప్ప పడింది నడిచినందుకు కాదు, ఒక్కతే పట్టుకున్నందుకు. ఆ మాట ఆమెకు ఆ రోజే తెలుసు. రెండేళ్ళపాటు తెలియనట్టు ఉండడం తేలికయింది, అంతే.

మరుసటి రోజు రౌండులో సర్జన్ మూడో బెడ్డు దగ్గర నిలబడి కాగితం చేతిలోకి తీసుకున్నాడు. మాస్కు పెట్టినా ఆక్సిజన్ అంతంతమాత్రంగానే ఉంది. జ్వరం దిగలేదు. మధ్యాహ్నం గొట్టం వేద్దామని ఆయన అంటుండగా హేమలత మాట్లాడింది.

“సార్, ఈయన నడవలేదు. ఆ టిక్కులు నేను ఊరికే పెట్టినా.”

భారతి మేడమ్ కళ్ళు మూసుకుంది. సుజాత ట్రేలో సిరంజిలు సర్దడం ఆపేసింది. సర్జన్ కాగితాన్నీ, హేమలతనూ మార్చి మార్చి చూశాడు.

“ఎన్ని బెడ్లవి?”

“అన్నీ సార్.”

ఆయన అరిస్తే బాగుండును. ఆయన అరవలేదు. మిగతా ఏడు కాగితాలు ఒక్కొక్కటే తీసి చూశాడు, అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి సర్ది టేబుల్ మీద ఉంచాడు. ఆ మనిషి ఏళ్ళ తరబడి ఈ కాగితాలు నమ్మి మందులు రాస్తున్నాడు. ఆయన మొహంలో కోపం కంటే నీరసమే ఎక్కువ కనిపించింది. గొట్టం సాయంత్రం దాకా ఆపుదాం, ఈలోపు మనిషిని లేపండి అన్నాడు. తర్వాత ఆమె వైపు చూడకుండా, రెండింటికి నా గదికి రండి అన్నాడు.

ఆ రెండింటికి ఏం జరుగుతుందో హేమలతకు తెలుసు. ఒక మెమో అయిపోయింది, రెండోసారి నోటీసు లేకుండానే పనిలోంచి తీసేస్తారు. భారతి మేడమ్ సర్జన్ వెనకే బయటికి వెళ్ళింది, బతిమాలడానికే అయ్యుంటుంది. వెళ్తూ వెళ్తూ చూసిన చూపు మాత్రం హేమలతకు గోరుచుట్టు మీద రోకటిపోటు అయింది.

పదకొండున్నరకు పనులు కాస్త తెరిపిచ్చాయి. హేమలత మద్దిలేటిని పిలిచి మూల తలుపు చూపించింది.

“మేడమ్‌తో తాళంచెవి ఉండాది గదక్కా.”

“నేనడిగినా. ఇయ్యల్యా.”

మద్దిలేటి ఆమె మొహం చూశాడు, తలుపు చూశాడు. మనకెందుకక్కా అనబోయి ఊరుకున్నట్టున్నాడు. ఆక్సిజన్ సిలిండర్ తిప్పే స్పానర్ గొళ్ళెం సందులో దూర్చి ఒక్క పట్టు పట్టాడు. తుప్పు పట్టిన మరలు గొళ్ళెంతో పాటు ఊడి వచ్చాయి. ఇన్నేళ్ళూ ఆ తలుపును కాపాడింది తాళం కాదు, తెరవమని ఎవరూ అడక్కపోవడం.

లోపల అట్టపెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. వాటి వెనక ఒక చక్రం లేని కుర్చీ, విరిగిన సెలైన్ స్టాండ్లు, ఏదో పండక్కి కట్టిన కాగితపు తోరణాలు. వాటి వెనక, కంపెనీ కాగితం అంటించింది అంటించినట్టే, ఎవరూ వాడని తెల్ల కమోడు. మద్దిలేటి పెట్టెలన్నీ మోసి నర్సుల టేబుల్ వెనక పేర్చాడు. కొళాయి తిప్పితే మొదట దగ్గింది, తర్వాత ఎర్రనీళ్ళు కక్కింది, చివరికి నీళ్ళొచ్చాయి. ఫినాయిల్ పోసి కడిగి, నేల తుడిచి ఆరబెట్టి, గోడకున్న కడ్డీని రెండు చేతులా ఊపి చూశాడు. గట్టిగానే ఉందక్కా అన్నాడు. చెమట తుడుచుకుంటూ, ఈ పని చెప్పేవాళ్ళు లేక చెయ్యలేదు గానీ ఏళ్ళ నుంచీ ఆ తలుపు ముందే తిరుగుతున్నానని గొణుక్కున్నాడు.

ఆశ్రితకు ఫోన్ చేస్తే వార్డులో పని వదిలి పైకి వచ్చింది. సుజాత ఏడు బెడ్లూ చూసుకుంటానంది. మూడో బెడ్డు పరదా తీసేశారు. మంచం తల వైపు మెల్లగా పైకెత్తారు. ఆపరేషన్ కుట్ల మీద అదుముకోవడానికి గంగాధరప్ప చేతికి చిన్న దిండు ఇచ్చి, రెండు చేతులూ దాని మీదే ఉంచమంది హేమలత. మాస్కు తీసి ముక్కుకు సన్నటి ఆక్సిజన్ గొట్టం పెట్టింది. పక్కటెముకల గొట్టం సీసాను మద్దిలేటికి అప్పగించింది. ఛాతీ తీగలు ఒక్కొక్కటే ఊడదీసి, వేలికి ఆక్సిజన్ కొలిచే చిన్న మిషను తగిలించింది. ఆయన కాళ్ళను మంచం పక్కకు దించారు.

కాళ్ళు దిగగానే ఆయన వీపు దానంతట అదే నిటారైంది. నలభై ఏళ్ళు మగ్గం గుంతలోకి కాళ్ళు దించి కూర్చున్న మనిషి. పాదాలు రెండూ గాలిలో మార్చి మార్చి ఒత్తుతున్నాయి, కింద తొక్కే చెక్కలు ఉన్నట్టే. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఆశ్రిత అది చూసి నవ్వింది, అట్లే తొక్కు పెద్దాయనా, రక్తం ఆడుతుంది అంది.

ఆయన లేచి నిలబడ్డాడు. ఆశ్రిత ఒక పక్క, హేమలత ఒక పక్క. నాలుగడుగులు బాగానే పడ్డాయి. ఐదో అడుగులో ఆయన నుదుటి మీద చెమట పుట్టింది. వేలి మిషనులో తొంభై రెండు తొంభైకి దిగింది. హేమలత పట్టు బిగించింది. బసప్పకూ సరిగ్గా ఇక్కడే, ఇట్లాగే. వెనక్కి తీసుకుపోదాం అనబోయింది. ఆశ్రిత అప్పటికే కాలితో స్టూలు లాగి ఆయన వెనక పెట్టింది. కూర్చోబెట్టారు. ఎనిమిది బెడ్ల సీసీయూలో మాట్లాడగలిగిన వాళ్ళంతా తలలు తిప్పి ఇటే చూస్తున్నారు. నిమిషం గడిచింది. తొంభై, తొంభై ఒకటి, తొంభై మూడు.

“పోదామా?” అన్నాడు గంగాధరప్ప. అడిగింది ఆయనే.

ఇంకో పన్నెండు అడుగులు. తలుపు దగ్గర ఆయన ఆగి, వాళ్ళిద్దరి చేతులూ వదిలించుకుని, కడ్డీ పట్టుకున్నాడు. లోపల కూర్చోబెట్టి, సీసా పక్కన పెట్టి వాళ్ళు బయటికి వచ్చారు. లోపలి గొళ్ళెం పెట్టొద్దు, నేనీడనే ఉంటా అని హేమలత మరీ మరీ చెప్పింది. కూర్చున్న చోటి నుంచే ఆయన చెయ్యి చాపి తలుపు నెట్టాడు. లోపల గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది.

ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. లోపల పడితే తలుపు విరగ్గొట్టాలి. చెవి తలుపుకు ఆనించి నిలబడింది. అప్పుడే భారతి మేడమ్ వచ్చింది. టేబుల్ వెనక పేర్చిన పెట్టెలు చూసింది, ఊడిన గొళ్ళెం చూసింది, ఖాళీ మంచం చూసింది.

“మూడో బెడ్డు పేషెంటు యాడ?”

“బాత్రూముకు పోయినాడు మేడమ్.”

ఎంత మామూలు మాట అది. ఆ గదిలో ఎవరూ ఎప్పుడూ అని ఉండరు. భారతి నోరు తెరిచింది. లోపల మగ్గుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడైంది, తర్వాత ఫ్లష్ చప్పుడు. భారతి తెరిచిన నోరు మూసుకుంది.

“గొళ్ళెం పెట్టుకున్నాడా?” అని గుసగుసగా అడిగింది.

“పెట్టుకున్నాడు.”

ఇద్దరూ తలుపుకు చెరోపక్క నిలబడ్డారు, తలుపు తెరుచుకునేదాకా. గంగాధరప్ప మొహం కడుక్కుని ఉన్నాడు. తడి చేత్తో జుట్టు కూడా వెనక్కి దువ్వుకున్నాడు. ఎవరినీ చూడలేదు, థ్యాంక్స్ లాంటి మాటేదీ అనలేదు. తన ఇంటి దొడ్లోంచి వచ్చినట్టు వచ్చాడు. మళ్ళీ పన్నెండు అడుగులు, మళ్ళీ స్టూలు, మళ్ళీ ఐదు. మంచం మీద కూర్చోబెట్టాక నీళ్ళిమ్మన్నాడు. హేమలత గ్లాసు ఇచ్చింది. గొంతు కదులుతుంటే ఆమె చూస్తూ నిలబడింది. సగానికి ఆపి ఊపిరి పీల్చుకుని మిగతా సగమూ తాగాడు. అంబలి ఉండాదేమో చూడమ్మా, ఆమె పెట్టిపోయింది అన్నాడు. హేమలతకు ఏడుపొచ్చింది, సంతోషానికో అలసటకో ఆమెకే తెలియలేదు.

అన్నీ సర్ది, తీగలు తగిలించి, మిగిలిన మందులన్నీ ఇచ్చి చూసుకునేసరికి రెండుకు పది నిమిషాలుంది. ఆశ్రిత వెళ్ళిపోయింది. భారతి దగ్గరికొచ్చి, సార్ గదిలోనే ఉన్నాడు, ముందే పో, ఆలస్యం చేస్తే ఇంకా కోపమొస్తుంది, ఏమన్నా ఎదురు మాట్లాడాకు, తప్పైందని చెప్పు, మిగతాది నేను చూసుకుంటా అంది. ఆమె గొంతులో కోపం లేదు. హేమలత చేతులు కడుక్కుని తుడుచుకుంటూ ఆరో బెడ్డు పక్క నుంచి పోతుంటే దుప్పటి కింద నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె కొంగు పట్టుకుంది.

ఆరో బెడ్డులో నారాయణమ్మ. కొత్తచెరువు పక్క పల్లె, గుండె కవాటం మార్చి నాలుగు రోజులైంది. గొడవ చేసే మనిషి కాదు, పెట్టింది తింటుంది, అడిగినదానికి తలూపుతుంది. ఆమె కాగితంలో పొద్దుటి షిఫ్టు టిక్కులన్నీ హేమలతవే.

“సిస్టరమ్మా, నన్ను గూడా ఒకతూరి ఆడిదాకా తోల్కపోతావా?” అంది నారాయణమ్మ, పక్క బెడ్డుకు వినపడకుండా. “మొన్నట్నించి అడగల్లనుకుంటాండా. కసురుకుంటావేమోనని అడగల్యా.”

వీళ్ళు భయపడి లేవడం లేదనే హేమలత ఇన్నాళ్ళూ అనుకుంది, అందరికీ అదే చెప్పింది. వాళ్ళు భయపడిన మాట నిజమే. ఆ భయం తనను చూసి.

తను ఎప్పుడు కసురుకుందో గుర్తు లేదు. గుర్తుండనంత మామూలుగా కసురుకుని ఉంటుంది. గోడ గడియారం రెండుకు ఎనిమిది నిమిషాలు చూపిస్తోంది. భారతి తలుపు దగ్గర నిలబడి, పో పో అని చేత్తో సైగ చేస్తోంది.

“సార్‌కు ఫోన్ చేసి పది నిమిషాలు ఆలస్యమైతాదని చెప్పండి మేడమ్. చెప్పి మీరొచ్చి ఆ పక్క పట్టుకోండి. ఒక్కదాన్ని పట్టుకోను,” అంది హేమలత.

భారతి గడియారం చూసింది, హేమలతను చూసింది. చివరికి ఫోన్ తీసింది. హేమలత మంచం తల వైపు పైకి తిప్పి, నారాయణమ్మ వీపు కింద చెయ్యి వేసి, దిండు ఆమె ఛాతీకి ఆనించింది.

“చేతులు రెండూ దీని మింద పెట్టుకో మా. తొందరేం లేదు. కాళ్ళు ఈ పక్కకు దించు.”